మెట్ట విడిచి రేవునకు

శంషాబాదు విమానాశ్రయమున నిలిచి చూచినవారికి సముద్రము ప్రక్కవీధిలో నున్నట్లు తోచును. బయలుదేరు విమానముల పట్టికపై విశాఖపట్టణము, చెన్నై, ముంబై, గోవా, కొచ్చి యను పేర్లు ఒకదాని వెంట నొకటి కనబడుచుండును. గంటయో గంటన్నరయో కూర్చున్నచో ఏదో యొక తీరము చేరవచ్చును. కాని ఈ నేల సముద్రమెరుగని నేల. సముద్రమట్టమునకు రెండువేల యడుగుల యెత్తున నున్న రాతి మెట్ట. 2008 మార్చిలో పౌరవిమానములు బేగంపేటనుండి ఇచ్చటికి తరలి రాకపూర్వము శంషాబాదు కర్నూలు బాటమీది యొక చిన్న యూరు. దాని పేరు పాయెగా ప్రభువుల షంసుల్ ఉమరా బిరుదమును నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఈ మెట్టనుండి తీరమునకు కాపురము మార్చదలచువారు నేడు అనేకులు. ఒకరిని ఉద్యోగము పిలుచును; ఒకరిని పిల్లల చదువు పిలుచును; పని చాలించిన వృద్ధులను సముద్రపు గాలి పిలుచును. ఇల్లు అమ్ముటకు ముందు, సామాను కట్టుటకు ముందు, ఇంటిల్లిపాదియు కూర్చుండి, "ఏ యూరు మంచిది?" అని తర్కించుకొనుట పరిపాటి. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నాలుగువందల యేండ్లుగా ఈ పీఠభూమివారు దీనిని వేసికొనుచునే యున్నారు. రాజులు వేసికొనిరి, వర్తకులు వేసికొనిరి, కూలివారును వేసికొనిరి. వారు ఏమి చూచి ఎన్నుకొనిరో, ఏమి చూడక నష్టపడిరో కొంచెము విచారింతము.

మొదట బందరును గూర్చి చెప్పవలెను. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరమును నిర్మింపజేసెను. ఆ కాలమున గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్టణము. అచ్చటినుండి ఓడలు పెగూ, అరకాను, అచ్చేను రేవులకును, పారసీక తీరమునకును, ఎర్రసముద్రమునందలి మోఖాకును పోవుచుండెను. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు అచ్చట వర్తకము ప్రారంభించిరి. పారసీక దేశమునుండి బ్రతుకుదెరువునకై వచ్చిన మీర్ మహమ్మదు సయ్యదు ఆ పట్టణమున హవల్దారుగా పనిచేసి, పిదప గోలకొండకు మంత్రియై, మీర్ జుమ్లా యను పేర చరిత్రకెక్కెను. బందరు అట్టి భాగ్యములను కల్పించిన ఊరు.

అయితే బందరు మంచి రేవా? కన్నులతో చూచినవాడు కాదనియే యనును. తీరము వెంబడి నీరు లోతు లేదు. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరమున లంగరు దింపవలసినదే. సరుకులు చిన్న పడవలలో ఒడ్డు చేరవలసినదే. చుట్టును ఉప్పునేలలు, అడుసు, త్రాగునీటికి ఇబ్బంది. టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించెను. అతడు బందరు ఇండ్లు కొయ్యతో కట్టినవనియు, ఊరు చక్కనిది కాదనియు చెప్పెను. కాని ఓడలు నిలుచు చోటు మాత్రము బంగాళాఖాతమున మేలైనదని ఒప్పుకొనెను.

ఊరు చక్కనిది కాదు. నీరు తియ్యనిది కాదు. మరి మూడు దేశములవారు అచ్చట ఎందులకు కాచుకొని యుండిరి? వెనుకనున్న నాడును చూచి. కృష్ణా గోదావరుల నడుమ ప్రతి పల్లెయందును మగ్గము ఆడుచుండెను. బందరు చుట్టుపట్ల అద్దకపువారు రంగులద్దిన బట్టలకు పారసీకమునను, తూర్పు దీవులయందును గిరాకి యుండెను. కృష్ణాతీరపు కొల్లూరు గనులలో వజ్రములు దొరకుచుండెను. తెలంగాణపు ఉక్కు, తీరాంధ్రపు నీలిమందు ఓడలకెక్కుచుండెను. అన్నిటికిని మించి గోలకొండ దర్బారునుండి బందరువరకు బండ్ల బాట యుండెను. నేడు పూనానుండి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్టణమున ముగియు 65వ జాతీయ రహదారిని చూచినవారు ఆ పాత సంబంధమును సులభముగ ఊహింపగలరు. రేవునకు ప్రాణము రేవులో లేదు. దాని వెనుకనున్న బాటలో నున్నది.

ఇక రెండవ ఎన్నిక. ఇది విదేశీయులు చేసిన ఎన్నికయే యైనను, వేలకొలది తెలుగు కుటుంబముల గతిని మార్చినది. బందరునందలి అధికారుల యొత్తిడులకు ఓర్వజాలక ఇంగ్లీషువారు దక్షిణమున దుగరాజపట్నముకడ మరియొక స్థావరము కట్టుకొనిరి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి స్వర్ణ ఫర్మానా నొసగెను. ఏటికి 500 వరహాలు చెల్లించి, గోలకొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని దాని భావము. అయినను వారి మనస్సు నిలువలేదు. దుగరాజపట్నమున బట్ట చాలినంత దొరకదు. బందరున దొరకినను స్వాతంత్ర్యము లేదు. అచ్చటి యధికారి ఫ్రాన్సిస్ డే తీరము వెంట దక్షిణమునకు వెదకుచు పోయెను.

1639 ఆగస్టు 22వ తేదీన దామెర్ల వేంకటపతి నాయకుడు మద్రాసుపట్నమున కోట కట్టుకొనుటకు వారికి అనుమతి నిచ్చెను. అతని తండ్రి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణము వెలసెను. డే తన పైవారికి ముఖ్యముగ విన్నవించిన దేమన, అచ్చటి నేతబట్ట నూటికి ఇరువది వంతులు చవుక యని. గమనింపుడు: అతడు రేవు బాగున్నదని చెప్పలేదు, చెప్పుటకును వీలు లేదు. మద్రాసు తీరము బట్టబయలు. అలలు విరిగి పడుచుండును. పలకలను మేకులతో గాక త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలపై మాత్రమే మనుష్యులు ఒడ్డు చేరగలుగుచుండిరి. ఇట్టి చోట 1641 నాటికి ఇంగ్లీషువారు బందరునుండి తమ ముఖ్యస్థానమునే మార్చుకొనిరి.

వారి వెంట తెలుగువారును కదలిరి. బేరి తిమ్మన్న, కాసి వీరన్న మొదలైన వర్తకులు ఆ క్రొత్త పట్టణమునకు మూలస్తంభములైరి. క్రొత్తగా వచ్చి స్థిరపడినవారికి కొంతకాలము సుంకములు లేవని కంపెనీ చాటించెను. నేతగాండ్రు, అద్దకపువారు, బేరగాండ్రు కుటుంబములతో వచ్చి చేరిరి. 1734లో నేతవారికొరకు చింతాద్రిపేట వెలసెను. ఉన్న ఊరిలో మగ్గమునకు పన్ను ఎప్పుడు పెరుగునో, దండు ఎప్పుడు దిగునో తెలియని వానికి, ఈ క్రొత్త ఊరిలో మాట నిలుకడ యున్నదని తోచెను. అదియే వానిని కదల్చినది. 1687లో గోలకొండ కోట ఔరంగజేబు వశమైన పిమ్మట బందరుకు కాపాడు రాజు కరవగుటతో, ఆ తరలింపు వివేకమైనదని ఋజువయ్యెను.

ఇచ్చట హైదరాబాదు రాజ్యము సముద్రమును కోల్పోయిన కథ చెప్పవలసి యున్నది. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరుకోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకొనెను. సలాబతుజంగు ఆ పట్టణమును చుట్టుపట్ల సీమలతోకూడ ఇంగ్లీషువారికి వదలుకొనెను. 1766లో నిజాం అలీఖాను ఉత్తర సర్కారులను ఒడంబడికపై ఇచ్చివేసెను. 1788లో గుంటూరు సీమయు పోయెను. మెట్ట మిగిలినది, తీరము పోయినది. 1802 నాటి వర్తకపు ఒడంబడికలో నిజామునకు బందరు రేవును స్వేచ్ఛగ వాడుకొను హక్కును కంపెనీ ఒప్పుకొన్నది. కాని ఆ హక్కు కాగితముననే నిలిచెను. పరుల చేతిలోనున్న ద్వారము ద్వారము కాదని రాజనీతి తెలిసినవారందరును ఎరుగుదురు.

బందరునకు మనుష్యులవలన కలిగిన కీడు ఇట్లుండగా, ప్రకృతివలన అంతకు మించిన కీడు కలిగెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో సముద్రము పొంగి పట్టణముపై బడెను. కెరటము పెక్కుమైళ్లు లోపలికి చొచ్చెను. సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. మెరకలేని ఊరు, ఎక్కి నిలుచుటకు కొండ లేదు, గుట్ట లేదు. తరతరములుగా అచ్చట కాపురమున్నవారు ఎరుగని సంగతి కాదిది. ఎరిగియు, వర్తకము నచ్చటనే యున్నందున, కదలలేక యుండిరి. ఒక ఊరిని ఎన్నుకొనుట ఒక్కనాటి పని. దానిని విడుచుట మూడు తరముల పని.

గోదావరి నోట కోరంగికిని ఇట్టి గతియే పట్టినది. ఒకప్పుడు ఓడలు కట్టుటకును, ఓడలు మరమ్మతు చేయుటకును పేరుపొందిన రేవు అది. 1789లో ఒకమారు, 1839లో మరియొకమారు ఉప్పెన దానిని ముంచెను. ఉప్పెన ముంచని భాగమును గోదావరి ఒండ్రు పూడ్చెను. వర్తకులు ఉత్తరముగ కాకినాడకు తరలిరి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై, కాలువలపై పడవలు నడచుటతో, డెల్టా ధాన్యము కాకినాడకే వచ్చి చేరెను. ఒక రేవు చచ్చి మరియొక రేవు పుట్టుటకు నది ఒక్కటియే చాలును.

ఇంతవరకు వర్తకుల మాట. శంషాబాదు బాట వెంట దక్షిణమునకు పోయినచో పాలమూరు సీమ. వానలు చాలని ఆ సీమవారును, తెలంగాణమునందలి ఇతర జిల్లాల కూలివారును, నేతవారును సముద్రతీరపు నగరమును ఎన్నుకొనిరి. వారు బందరును ఎన్నుకొనలేదు, కాకినాడను ఎన్నుకొనలేదు; ఏనాడును తమ భాష వినని పడమటి తీరమున బొంబాయిని ఎన్నుకొనిరి. బొంబాయి దీవులను కలిపి కట్టడములు లేపుచున్న కాలముననే నిజాం రాజ్యమునుండి పోయిన తెలుగు పనివారిని అచ్చట కామాఠీలని పిలిచిరి. కామాఠీపుర యను పేట పేరు వారివలన వచ్చినదే. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలుమార్గము పడెను. ఆపైన మగ్గపు పని తెలిసిన పద్మశాలీలు బొంబాయి మిల్లులకు తండోపతండములుగ పోయిరి.

ఈ ఎన్నికలో పటము చూచినవాడు లేడు, గాలి మార్పును తలచినవాడును లేడు. రైలు ఎచ్చటికి పోవునో అచ్చటికి పోయిరి. తమ ఊరివాడు ముందుగ ఎచ్చట నిలద్రొక్కుకొనెనో ఆ గదిలోనే చాప పరచుకొనిరి. చదువుకొన్నవారు దీనిని విచక్షణలేని పోక యని తలపవచ్చును. కాని పరదేశమున జ్వరము వచ్చిననాడు నోటిలో నీరు పోయువా డొకడుండుట ఎంతటి విచక్షణయో అనుభవించినవారికే తెలియును. బెజవాడకు రైలు 1889లో వచ్చినను, పాలమూరు కూలి తూర్పునకు తిరుగక పడమటికే పోయెను. పని అచ్చటనే యున్నది, తనవారును అచ్చటనే యున్నారు.

తీరమునుండి తీరమునకు మారినవారును కలరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కృష్ణాజిల్లావారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగ ఆరంభించిరి. బొంబాయి వారికి ధనమిచ్చెను. కాని తెలుగు పత్రికకు తెలుగు పాఠకుడు చేరువ నుండవలెను గదా! 1914లో ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగ వెలువడజొచ్చెను. ఒక ఊరు పొట్టకు సరిపోవచ్చును, మరియొక ఊరు పూనికకు సరిపోవచ్చును. రెండును ఒక్కచోట దొరకుట అరుదు. ఆ మద్రాసైనను తెలుగువారికి దక్కలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగ ఏర్పడినపుడు, మూడు వందల యేండ్లు తెలుగు వర్తకులు పెంచిన పట్టణము సరిహద్దునకు ఆవల నిలిచిపోయెను.

విశాఖపట్టణము కథ వేరు. దాని నేటి రేవు ఇంజనీర్లు ఎన్నుకొనినది. డాల్ఫిన్ నోస్ కొండ సముద్రములోనికి చొచ్చుకొని వచ్చి, దాని చాటున ఉప్పుటేరు శాంతముగ నుండుట ఓడకు సహజమైన గొడుగు. మధ్యపరగణాల ముడి ఖనిజమునకు సముద్రద్వారము కావలసి యుండెను. రాయపూరునుండి విజయనగరమునకు రైలు వేసిరి. ఉప్పుకయ్యలను త్రవ్వి కాలువ తీసిరి. ప్రవేశద్వారమున ఇసుక మేట వేయకుండ జానస్, వెల్లెడ్‌సన్ అను రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగ నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ రేవులో ప్రవేశించెను. 1941లో సింధియావారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చిలో జలఉషను పండిత నెహ్రూ జలప్రవేశము చేయించిరి. బందరునకు లేనివి రెండు విశాఖకు కలవు: కొండ, లోతు.

ఆ 1948 సంవత్సరముననే హైదరాబాదు సముద్రదాహము తుదిముట్టినది. స్వతంత్రముగ నుండగోరిన నిజాం ప్రభుత్వమునకు రేవు లేనిది స్వాతంత్ర్యము లేదని తోచి, గోవాలోని మర్మగోవా రేవుకొరకు పోర్చుగీసువారితో సంప్రతింపులు నడుపజూచెను. అది ఫలింపలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరెను. చేరినది మొదలు దేశమునందలి రేవులన్నియు హైదరాబాదువానివే యయ్యెను. రాజు కొనలేక పోయిన సముద్రము పౌరునికి అప్రయత్నముగ దక్కెను.

ఇటీవలి కాలమునకు వత్తము. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము వేరుపడెను. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు హైదరాబాదునుండి కృష్ణాతీరమునకు, వెలగపూడికి తరలిరి. అరువది యేండ్లు హైదరాబాదున నిలిచిన సంసారములు రెండుగా చీలినవి. పిల్లల చదువులకై భార్య ఇచ్చట, ఉద్యోగమునకై భర్త అచ్చట; శుక్రవారము సాయంత్రము రైలు, ఆదివారము రాత్రి మరల రైలు. ఎన్నికయే లేని తరలింపు ఎట్లుండునో ఆ కుటుంబములు ఎరుగుదురు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపై నేరుగ విరుచుకొని పడెను. చెట్లు కూలెను, విమానాశ్రయము పైకప్పు చెదరెను, దినముల తరబడి దీపములు లేవు. అయినను 1864 నాటి బందరు గతి పట్టలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి, పదివేలమందిని బలిగొన్న ఉప్పెనయంతటి ప్రాణనష్టమును కలుగలేదు. కొండయు మెరకయు కొంత కాపాడినవి. ముందుగ తెలిసిన హెచ్చరిక అంతకంటె ఎక్కువ కాపాడినది. నాడు దివిసీమవారికి అందక పోయిన మాట నేడు రేడియోలోను, చేతి ఫోనులోను అందుచున్నది. ఒకప్పుడు వేలమందిని కోల్పోయిన బందరుననే నేడు తుఫానులను కనిపెట్టు రాడారు నిలిచి యున్నది. 2023లో అచ్చట క్రొత్త రేవు పనులును ఆరంభమైనవి. మూడుమారులు చచ్చినదనుకొనిన ఊరు నాలుగవమారు లేచుటకు యత్నించుచున్నది.

ఈ కథలన్నియు విన్న పిమ్మట, తీరమునకు పోదలచిన గృహస్థునకు చరిత్ర ఏమి చెప్పును? ఫలానా ఊరికి పొమ్మని చెప్పదు. చూడవలసిన వరుసను మాత్రము చెప్పును. మొదట ఊరి వెనుక చూడుడు. నాడు, బాట, పని యున్నవా? తరువాత క్రింద చూడుడు. త్రాగునీరు తియ్యనిదా, నేల మెరకయా పల్లమా, ఉప్పెన ఎంతవరకు వచ్చినదని అచ్చటి ముసలివారు చెప్పుదురు? తరువాత ప్రక్కన చూడుడు. కష్టమునకు పలుకు మనిషి కలడా? ఈ మూడును చూచిన పిమ్మటనే ఎదుట నున్న సముద్రమును చూడవలెను. మనలో పెక్కురము ఈ వరుసను తలక్రిందుగ చేయుదుము. కిటికీలోనుండి కెరటము కనబడిన చాలు, బయానా ఇచ్చివేయుదుము.

శంషాబాదున విమానము లేచినపుడు క్రింద మొదట కనబడునవి సముద్రములు కావు, చెరువులు. సముద్రము లేని మెట్టలో నీటిని నిలుపుకొనుటకు పూర్వులు కట్టుకొనిన కట్టలు అవి. గంట గడచిన పిమ్మట తీరపు గీత కనబడును. ఆ రెంటి నడుమ ఎడ్లబండిపై పక్షములకొలది దినములు నడచిన వర్తకుడును, చాప చుట్టుకొని బొంబాయి రైలెక్కిన కూలియు, సామాను పెట్టెలతో వెలగపూడికి పోయిన గుమాస్తాయు వేసికొనిన ప్రశ్ననే నేటి ప్రయాణికుడును వేసికొనుచున్నాడు. దారి కురచయైనది, ప్రశ్న మాత్రము తగ్గలేదు.